బరువు లేని వస్త్రం: కాల్పనిక బ్యాలే ఆహార్యంలో శరీరం, శ్వేతవర్ణం, అగ్ని

కాల్పనికవాదాన్ని గురించి తెలుగులో జరిగిన చర్చ దాదాపుగా కవిత్వం చుట్టూనే తిరిగింది. వర్డ్స్‌వర్త్, షెల్లీ, కీట్స్ కవితల ప్రభావం భావకవుల మీద ఎంత, ఏ రూపంలో అన్న ప్రశ్నకు మన విమర్శ విస్తారంగానే సమాధానాలు చెప్పింది. అయితే ఆ యుగం తన స్వప్నాన్ని కాగితం మీద మాత్రమే రాసుకోలేదు. రంగస్థలం మీద, మనుషుల ఒంటి మీద కూడా రాసుకొంది. 1830 తరువాత రెండు దశాబ్దాల పాటు పారిస్ ఒపెరాలో వెలిగిన బ్యాలే ఆ స్వప్నానికి అత్యంత ప్రత్యక్ష రూపం. కవి 'అశరీర' అని ఒక్క విశేషణంతో తేల్చివేయగల దానిని అక్కడ దర్జీ, దీపాల పనివాడు, చెప్పులు కుట్టేవాడు, ఒక యువతి కలిసి ప్రతి ప్రదర్శనకూ కొత్తగా తయారుచేయవలసి వచ్చేది. ఆ తయారీని ఆహార్యం వైపు నుంచి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆహార్యం అన్న పరిభాషను ఇక్కడ తెలిసే వాడుతున్నాను. భరతుడు ఆంగిక, వాచిక, సాత్త్వికాలతో పాటు ఆహార్యాన్ని కూడా అభినయంగానే పరిగణించి దానికి నాట్యశాస్త్రంలో ఒక అధ్యాయం కేటాయించాడు. పుస్తం, అలంకారం, అంగరచన, సజీవం అని నేపథ్యాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. వేషం పాత్రకు తొడుగు కాదు, అది కూడా ప్రేక్షకుడితో మాట్లాడుతుందన్న గ్రహింపు ఈ విభజన వెనుక ఉంది. అదే అధ్యాయంలో మరొక సూచన ఉంది. నటులకు బరువైన బంగారు ఆభరణాలు పెట్టరాదనీ, ఆ భారంతో వారు అలసిపోతారనీ, చెమట పట్టి సొమ్మసిల్లే ప్రమాదం కూడా ఉందనీ, లక్క వంటి తేలిక పదార్థాలతో వాటిని చేయాలనీ భరతుడు చెబుతాడు. అంటే ఆహార్యంలో తేలికదనం అన్నది మన శాస్త్రంలో నటుడి ఊపిరికి సంబంధించిన విషయం. చూసేవాడికి ఆభరణం బరువుగానే కనిపించాలి, మోసేవాడికి తేలికగా ఉండాలి. కాల్పనిక బ్యాలే ఈ సూత్రాన్ని తలకిందులు చేసిందని నా వాదన. అక్కడ తేలికగా కనిపించవలసింది వస్త్రం, దానితో పాటు అందులోని మనిషి. ఆ దృశ్యం కోసం ఎంత బరువైనా నర్తకి మోయవలసిందే.

ఆధారాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1832 నాటి 'లా సిల్ఫీద్' నృత్యరచన యథాతథంగా నిలవలేదు. నేడు విస్తారంగా ప్రదర్శితమవుతున్నది ఓగుస్త్ బూర్నోన్విల్ 1836లో కోపెన్‌హేగెన్‌లో వేరే సంగీతంతో కూర్చిన రూపం. పారిస్ రూపాన్ని పియేర్ లాకోత్ 1972లో పునర్నిర్మించినా అది పునర్నిర్మాణమే. 'జిజేల్' కూడా రష్యాలో మారియస్ పెతిపా చేతి మార్పులతోనే మనదాకా వచ్చింది. కాబట్టి ఆ కాలపు కథాసారాలు, వేషాల చిత్రణలు, పత్రికా సమీక్షలు, శిలాముద్రణ చిత్రాలు మనకు దిక్కు. వీటిలో శిలాముద్రణలను అంతగా నమ్మరాదు. షాలన్ వంటి చిత్రకారుల బొమ్మల్లో నర్తకి పాదం పువ్వు మీద ఆనీ ఆననట్లు ఉంటుంది. అది చూసిన దృశ్యం కాదు, చూడాలనుకొన్న దృశ్యం. ఆ కోరిక కూడా సాక్ష్యమే గాని, దానిని కోరికగానే చదవాలి.

తెలుపు పుట్టుక

సిల్ఫీద్ కన్నా కొన్ని నెలల ముందు, 1831 నవంబరు 21న, మెయర్‌బేర్ ఒపెరా 'రోబేర్ ల ద్యాబ్ల్' లో ఒక ఘట్టం పారిస్‌ను కుదిపింది. శిథిలమైన మఠం ఆవరణ, వెన్నెల, సమాధుల్లోంచి లేచి వస్తున్న సన్యాసినుల ప్రేతాలు. మఠాధిపతి పాత్రలో మారీ తాలియోని. దృశ్యబంధం పియేర్ సిసేరీది. ఒపెరాలో 1822 నాటికే ప్రవేశించిన గ్యాస్ దీపాలు ఈ వెన్నెలను సాధ్యం చేశాయి. కొవ్వొత్తి, నూనె దీపాల వెలుగును ఇష్టం వచ్చినట్లు తగ్గించి పెంచడం కష్టం, గ్యాస్ మంటను ఒక మర తిప్పి మసకబార్చవచ్చు. ఆ మసక వెలుగులో రంగులు చచ్చిపోతాయి, తెల్లని పలచని గుడ్డ మాత్రం పొరపొరలుగా వెలుగును పట్టుకొని వెదజల్లుతుంది. కాల్పనిక బ్యాలే తెల్లదనానికి కవితాత్మకమైన కారణాలు ఎన్ని చెప్పినా, మొదటి కారణం ఈ దీపమే. ఈ దీపమే తరువాత మృత్యువు కూడా అయింది.

1832 మార్చి 12న 'లా సిల్ఫీద్' ప్రదర్శితమైంది. నృత్యరచన ఫిలిప్పో తాలియోనిది, నాయిక అతని కుమార్తె మారీ. షార్ల్ నోదియే కథ 'త్రిల్బీ' ప్రేరణతో గాయకుడు అదోల్ఫ్ నురీ కథాసారం రాశాడు. స్కాట్లండ్ పల్లెలో పెళ్లికి సిద్ధమైన జేమ్స్ అనే యువకుణ్ణి ఒక గాలి కన్య ఆకర్షిస్తుంది. అతడు వధువును విడిచి ఆమె వెంట అడవికి వెళతాడు. మొదటి అంకమంతా గళ్ల ఉన్ని గుడ్డల రంగులతో నిండి ఉంటుంది. ఆ రంగు ఒక ఊరిది, ఒక వంశానిది. దాని మధ్యకు తెల్లగా వచ్చే సిల్ఫీద్‌కు ఊరు లేదు, వంశం లేదు, పొయ్యి గొట్టంలోంచి మాయమయ్యే స్వభావం ఆమెది. రెండో అంకంలో అడవి నిండా ఆమె సోదరీమణులే, అందరూ అదే తెలుపులో. ఒక అంకం నుంచి మరొక అంకానికి మారడమంటే ఇక్కడ ఒక వస్త్రవ్యవస్థ నుంచి మరొక వస్త్రవ్యవస్థకు మారడం.

యూజేన్ లామీ పేర ప్రసిద్ధమైన ఆ వేషంలో సంక్లిష్టత ఏమీ లేదు. భుజాల కిందికి జారిన మెడతో బిగుతైన రవిక, మోకాలికీ చీలమండకూ నడుమ ఆగే గంట ఆకారపు పావడా, వీపున చిన్న రెక్కలు, తలమీద పూల వలయం, మెడకూ మణికట్టుకూ ముత్యాలు. నేడు ఈ పావడాకు వాడే 'తూతూ' అన్న పేరు ఆ కాలంలో లేదు, 19వ శతాబ్దం చివరికి గాని అది వాడుకలోకి రాలేదు. ఈ పొట్టి పావడా నర్తకికి స్వేచ్ఛ ఇచ్చిందని బ్యాలే చరిత్రలు తరచుగా అంటాయి. ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కాలి పని కనిపించేలా పావడాను కురచ చేసిన ఖ్యాతి 18వ శతాబ్దంలోనే మారీ కామార్గోకు దక్కింది. ఫ్రెంచి విప్లవం తరువాతి సంవత్సరాల్లో నర్తకులు గ్రీకు శిల్పాల పద్ధతిలో పలచని మస్లిన్ వస్త్రాలు ధరించారు. 1832లో కొత్తది గుడ్డ కాదు, దాని అర్థం. అంతకుముందు పలచని వస్త్రం శరీరాన్ని చూపడానికి పనికివచ్చింది. ఇప్పుడు అదే వస్త్రాన్ని పొరలు పొరలుగా పేర్చి, శరీరం ఉందో లేదో అన్న అనుమానం పుట్టించడానికి వాడారు.

ఆ అనుమానం ఎంత శ్రమ మీద నిలిచిందో తాలియోని జీవితమే చెబుతుంది. 1822లో వియన్నాలో రంగప్రవేశానికి ముందు తండ్రి ఆమెకు రోజుకు ఆరు గంటల వంతున శిక్షణ ఇచ్చాడు. ఒక్కొక్క భంగిమలో వంద లెక్కపెట్టేదాకా నిలబెట్టేవాడని ఆమె తరువాత చెప్పుకొంది. ఆమె చేతులు మరీ పొడవు, వీపు కొంచెం వంపు. ఆ కాలపు అందానికి ఇవి లోపాలు. తండ్రి వాటిని దాచడానికి చేతులను గుండ్రంగా మడిచి, మొండేన్ని కొద్దిగా ముందుకు వంచి నిలిపే పద్ధతి కల్పించాడు. ఒక ప్రత్యేకమైన శరీరం ఇబ్బందుల నుంచి పుట్టిన ఆ వంపే తరువాతి తరాలకు అశరీర సౌందర్యానికి లక్షణమైంది.

పాదాల సంగతి మరింత స్పష్టం. తాలియోని ధరించినవి మెత్తని శాటిన్ చెప్పులు. నేటి నర్తకుల బూట్ల ముందుభాగంలో ఉండే గట్టి దిమ్మ వాటిలో లేదు. వేళ్ల చుట్టూ, అంచుల వెంట సూదితో దగ్గర దగ్గరగా వేసిన కుట్లే ఆధారం. మిగిలినదంతా కండరాల బలం. వేలి కొనల మీద నిలవడం ఆమె కనిపెట్టినది కాదు, అమాలియా బ్రూన్యోలీ వంటివారు అంతకుముందే చేశారు. అయితే వారిలో సాహసంగా కనిపించినది తాలియోనిలో స్వభావంగా కనిపించిందని సమకాలికుల అభిప్రాయం. స్వభావంగా కనిపించడమంటే ప్రయత్నం కనిపించకపోవడం. ఆ కుట్లను ప్రేక్షకుడు చూడడు.

వస్త్రమే కథ

కాల్పనిక బ్యాలేలో వేషం కథను అలంకరించదు, నడుపుతుంది. 'లా సిల్ఫీద్' లో జేమ్స్ తన సిల్ఫీద్‌ను నిలుపుకోలేకపోతాడు. ఆమె పట్టుకోబోతే జారిపోతుంది. అతని చేత అవమానం పొందిన మాడ్జ్ అనే మంత్రగత్తె అతనికి ఒక పలచని కండువా ఇస్తుంది. దానితో చుడితే ఆమె ఇక ఎగరదంటుంది. అతడు ప్రేమగా దానిని ఆమె భుజాల చుట్టూ కప్పుతాడు. రెక్కలు రాలిపోతాయి, ఆమె మరణిస్తుంది. వస్త్రంతో పుట్టిన పాత్ర వస్త్రంతోనే చచ్చింది. దీనిని ఆదర్శాన్ని తాకబోయిన మానవుడి విషాదంగా చదవడం పరిపాటి. ఆ చదువు తప్పు కాదు గాని అందులో దృష్టి అంతా జేమ్స్ మీదనే ఉంటుంది. సిల్ఫీద్ వైపు నుంచి చూస్తే ఇది మరొకరి కోరిక తొడిగిన బట్ట ఊపిరి తీసిన కథ. ఆ కాలపు నర్తకుల చరిత్ర తెలిసినవారికి ఈ రెండో చదువును పక్కన పెట్టడం సాధ్యం కాదు.

'జిజేల్' (1841 జూన్ 28) ఆహార్యం దృష్టిలో ఇంకా లోతైనది. కథాసారం తెయోఫీల్ గోతియే, సేంజోర్జ్ కలిసి రాశారు. సంగీతం అదోల్ఫ్ ఆదాం, నృత్యరచన జాన్ కొరాలీ, జూల్ పెరో, నాయిక కార్లొత్తా గ్రిజీ, వేషకల్పన పోల్ లోర్మియే. పెళ్లికి ముందే మరణించిన కన్యలు రాత్రివేళ విలీలుగా లేచి, చిక్కిన మగవాణ్ణి చచ్చేదాకా నాట్యమాడిస్తారన్న జానపద విశ్వాసాన్ని గోతియే జర్మన్ కవి హైనె రచనలో చదివాడు.

మొదటి అంకంలో కథంతా బట్టల మీదనే నడుస్తుంది. ప్రభువు ఆల్బెర్ పల్లెటూరివాడి వేషంలో వచ్చాడు. అతని అబద్ధం మాటల్లో లేదు, బ్యాలేలో మాటలే లేవు. అబద్ధం అతని చొక్కాలో ఉంది. గుడిసెలో దాచిన కత్తి నిజం. వేటకు వచ్చిన రాచకన్య బాతిల్ద్ గౌనును జిజేల్ దొంగచాటుగా తాకి చూసే ఘట్టం నేటి ప్రదర్శనల్లో అందరికీ గుర్తుండిపోతుంది. ఒక పేదపిల్ల వేళ్లకు తగిలిన ఆ ఖరీదైన గుడ్డ స్పర్శలో రెండు వర్గాల మధ్య దూరమంతా ఉంది. ఆమె తాకుతున్నది తన ప్రియుడికి నిశ్చయమైన వధువు గౌనునే అన్నది ఆమెకు ఇంకా తెలియదు. మాటలతో ఇంత చెప్పాలంటే నాటకకర్తకు ఒక రంగం పడుతుంది. కత్తి బయటపడగానే వేషాలు వాటి వాటి యజమానులకు చేరతాయి. జిజేల్‌కు చేరేది పిచ్చి, చావు.

రెండో అంకంలో ఈ తేడాలన్నీ తెలుపులో కలిసిపోతాయి. ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక సంగతి గమనించాలి. మన వాడుకలో తెల్లచీర అనగానే వైధవ్యం స్ఫురిస్తుంది గాని, మధుపర్కాల నేల కూడా తెలుపే. యూరప్‌లోనూ తెలుపుకు ఇటువంటి రెండు ముఖాలే. అది శవవస్త్రం, పెళ్లివస్త్రం కూడా. తెల్లని పెళ్లిగౌను ఆచారానికి 1840లో జరిగిన విక్టోరియా రాణి వివాహం కొత్త ప్రచారం తెచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన విలీలు కట్టని పెళ్లిబట్టను సమాధిలో కట్టుకొన్నవారు. వారి మేలిముసుగు వధువుదా శవానిదా అన్న సందిగ్ధమే ఆ అంకం శక్తి అంతా.

అమని, మువ్వలు

ఈ తెలుపు సర్వసమానమైనదేమీ కాదు. 1841 కథాసారంలో విలీలందరూ ఒకే రకం కాదు. వారిలో మొయ్నా అనే అంతఃపుర స్త్రీ ఉంది, జుల్మే అనే 'బయదేర్' ఉంది. ఎవరి దేశపు నాట్యం వారు చేస్తారు. బయదేర్ అంటే దేవదాసి. నర్తకి అన్న అర్థంగల పోర్చుగీసు మాట నుంచి ఫ్రెంచిలోకి వచ్చిన పేరు అది. జర్మన్ అడవిలోని ప్రేతాల మధ్య ఒక దక్షిణ భారత నర్తకి ఎందుకున్నదన్న ప్రశ్నకు సమాధానం మూడేళ్ల వెనుక ఉంది.

1838లో పుదుచ్చేరి సమీపంలోని తిరువేందిపురం నుంచి దేవదాసీలు, వాద్యకారులతో కూడిన ఒక చిన్న బృందం తార్దివెల్ అనే ఫ్రెంచి వ్యాపారి ఒప్పందం మీద పారిస్ చేరింది. ఆగస్టులో వారు వెరైటే రంగశాలలో ప్రదర్శించారు. గోతియే 'లా ప్రెస్' పత్రికలో వారిని గురించి, ముఖ్యంగా అమనిని గురించి, ఆమె వేషాన్నీ నగలనూ వర్ణిస్తూ విస్తారంగా రాశాడు. పారిస్ ప్రేక్షకులకు అంతవరకూ తెలిసిన బయదేర్ వేరు. 1830లో ఓబేర్ ఒపెరా 'దేవుడు, బయదేర్' లో తాలియోనియే జొలోయే అనే దేవదాసి పాత్ర ధరించింది. ఒకటి యూరపు దర్జీ ఊహ, మరొకటి గుడిలో నేర్చిన నాట్యం.

ఓగుస్త్ బార్ అనే శిల్పి 1837లో తాలియోనికి సిల్ఫీద్‌గా, ఫానీ ఎల్స్‌లర్‌కు స్పానిష్ 'కాచూచా' నాట్యభంగిమలో చిన్న విగ్రహాలు చేశాడు. 1838లో అమనికీ చేశాడు. ఒకే చెయ్యి చేసిన ఈ మూడు విగ్రహాలను పక్కపక్కన పెట్టి ఊహిస్తే కాల్పనిక బ్యాలే ఏది ఎంచుకొందో, ఏది వదులుకొందో తెలుస్తుంది. ఎల్స్‌లర్ 1836లో గులాబీరంగు శాటిన్ మీద నల్లని లేసుతో, చేతుల్లో చిడతలతో కాచూచా ఆడి తాలియోనికి పోటీగా నిలిచింది. తాలియోనిని క్రైస్తవ నర్తకిగా, ఎల్స్‌లర్‌ను క్రైస్తవపూర్వ దేవతల లోకపు నర్తకిగా గోతియే విడదీశాడు. ఈ విభజనలో అమనికి చోటు లేదు. ఆమె కాలికి మువ్వలున్నాయి.

ఈ మువ్వల దగ్గర కొంచెం ఆగాలి. కాల్పనిక నర్తకి ఆదర్శం అడుగు చప్పుడు వినిపించకపోవడం. మెత్తని చెప్పు, ఒదిగిన వాలు, గాలిలో ఆగినట్లున్న క్షణం, ఇవన్నీ నేలను లేనట్లు చేయడానికే. మన నాట్యంలో ఆహార్యపు మొదటి వస్తువే నేలను తాకానని చాటుతుంది. గజ్జె కట్టడం మనకు రంగప్రవేశానికి పర్యాయం. బరువు అక్కడ దాచవలసిన లోపం కాదు, లయకు మూలం. భామాకలాపంలో సత్యభామ జడను తీసుకొన్నా ఇంతే. తెర మీదుగా వేసిన ఆ జడ బరువు ఆమె గర్వానికీ అధికారానికీ గుర్తు. వేషం పాత్ర అవుతుందన్న విషయంలో సిల్ఫీద్ రెక్కలూ భామ జడా ఒకటే. కానీ జడ పాత్ర ఉనికిని పెంచుతుంది, రెక్కలు తగ్గిస్తాయి. ఈ పోలికను ప్రభావ చర్చగా ఎవరూ తీసుకోవద్దని మనవి. రెండు ఆహార్య దృక్పథాలు 1838 ఆగస్టులో ఒకే నగరంలో ఎదురుపడ్డాయి గనుక దీనికి అవకాశం కలిగింది. పారిస్ అమనిని మెచ్చుకొంది. ఆ తరువాత ఆమె జాతినర్తకిని తన తెల్లని అడవిలో ఒక వింతగా చేర్చుకొంది. కాలక్రమంలో ఆ వింత కూడా ప్రదర్శనల నుంచి జారిపోయి, విలీలంతా ఒకే తెలుపయ్యారు.

గుడ్డ ఎక్కడిది

తెల్లని గాలి వస్త్రాన్ని గురించి రాసినవారు అది ఎక్కడ నేసినదో తక్కువగా అడిగారు. మస్లిన్ అన్న పేరు మచిలీపట్నం నుంచి పుట్టిందని మనవాళ్లు కొందరు అభిమానంతో రాస్తారు. నిఘంటువులు ఎక్కువగా ఇరాక్‌లోని మోసుల్ వైపు చూపుతాయి. మచిలీపట్నం కీర్తి అద్దకపు గుడ్డలది, ఆ కీర్తికి ఈ అరువు అవసరం లేదు. ఏమైనా 1830ల నాటికి ఢాకా సన్నబట్ట స్థానాన్ని యంత్రపు నూలు ఆక్రమించింది. ఫ్రాన్స్‌లో లియోం సమీపాన ఉన్న తరార్ పట్టణం మస్లిన్‌కూ, గంజితో బిరుసెక్కించిన తార్లతాన్‌కూ కేంద్రమైంది. ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ 1808-09లో హక్కులు పొందిన యంత్రం, అంతకుముందు చేతులతో అల్లే వల గుడ్డను గజాల లెక్కన తయారుచేయసాగింది. ఇరవైమంది సిల్ఫీద్‌లకు పొరల పొరల పావడాలు కుట్టించగల స్తోమత ఈ యంత్రాలు లేకుండా ఏ రంగశాలకూ ఉండేది కాదు. ఆనాటి యూరపు నూలు మిల్లులకు పత్తి అధికభాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల బానిసల చేతుల నుంచి వచ్చేది. కర్మాగారాల పొగ నుంచి పారిపోవడానికి కల్పించుకొన్న లోకం కర్మాగారపు గుడ్డనే కట్టుకొంది.

రంగశాల కూడా వ్యాపారమే. 1830 జూలై విప్లవం తరువాత ఒపెరా నిర్వహణ లూయీ వెరోం అనే ప్రైవేటు నిర్వాహకుడి చేతికి వచ్చింది. నర్తకులు కాళ్లూ చేతులూ సాధుచేసుకొనే గదిలోకి ధనికులైన చందాదారులకు అతడు ప్రవేశం కల్పించాడు. బృందంలోని పిల్లలు చాలామంది పేద కుటుంబాలవారు. రంగస్థలం మీద ఎవరికీ చిక్కని గాలి కన్యలు తెర వెనుక సులభంగా చిక్కవలసిన పరిస్థితి. సిల్ఫీద్ స్వచ్ఛతను పొగిడే విమర్శ ఈ గదిని ప్రస్తావించకపోతే అది సగం విమర్శ. రాయప్రోలు 'అమలిన శృంగారం' అన్న మాటతో పరిచయమున్న మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు. ప్రేయసిని మట్టికి అంటకుండా నిలిపిన ప్రతి చోటా, ఆ మట్టి పని ఎవరు చేశారన్నది అడగవలసిందే.

మంట

తేలికైన నూలు గుడ్డ, దానిమీద గంజి, పొరల మధ్య గాలి. ఎదురుగా కప్పులేని గ్యాస్ మంటలు. ఇంతకన్నా సులువుగా అంటుకొనే అమరిక ఉండదు. 1844 డిసెంబరు 14న లండన్ డ్రూరీ లేన్ రంగశాలలో క్లారా వెబ్‌స్టర్ పావడాకు ప్రదర్శన మధ్యలో నిప్పంటుకొంది. మూడు రోజులకు ఆమె మరణించింది.

ఎమ్మా లివ్రీ కథ ఇంకా నేరుగా మన చర్చకు వస్తుంది. 1842లో పుట్టిన ఆమె 1858లో పారిస్ ఒపెరాలో సిల్ఫీద్‌గానే రంగప్రవేశం చేసింది. విశ్రాంత జీవితం గడుపుతున్న తాలియోని ఆమెలో తన వారసురాలిని చూసి, పారిస్ వచ్చి శిక్షణ ఇచ్చింది. 1860లో ఆమెకోసం ఓఫెన్‌బాఖ్ సంగీతంతో 'ల పపియోం' అనే బ్యాలే కూర్చింది. పపియోం అంటే సీతాకోకచిలుక. అందులో నాయిక దివిటీ వెలుగుకు ఆకర్షితురాలై రెక్కలు కాల్చుకొంటుంది.

ఆ సరికే ప్రమాదాలు మితిమీరి, రంగశాలల్లో వస్త్రాలను, తెరలను కార్తెరోం పద్ధతిలో రసాయనాలతో శుద్ధి చేయాలని 1859లో ప్రభుత్వ ఆజ్ఞ వచ్చింది. అలా ముంచిన గుడ్డ బిరుసెక్కేది, తెలుపు మాసి పసుపు తిరిగేది. లివ్రీ దానిని ఒప్పుకోలేదు. మామూలు పావడాతోనే ఆడతాననీ, జరిగేదానికి బాధ్యత తనదేననీ 1860లో రాసి ఇచ్చింది. 1862 నవంబరు 15న ఓబేర్ ఒపెరా 'పోర్తిచీ మూగపిల్ల' సాధన జరుగుతుండగా ఆమె పావడాను సవరించుకోబోయినప్పుడు గ్యాస్ మంట అందుకొంది. ఎనిమిది నెలలు బాధపడి 1863 జూలై 26న మరణించింది. ఆమెకు అప్పటికి 21 ఏళ్లు కూడా నిండలేదు.

ఈ నిరాకరణను యౌవన గర్వంగా, మొండితనంగా కొట్టివేసినవారున్నారు. నాకు అది అన్యాయంగా తోస్తుంది. పదహారేళ్ల నుంచి ఆమెకు నేర్పినది ఒక్కటే. బట్ట బరువెక్కితే సిల్ఫీద్ ఉండదు, తెలుపు మాస్తే సిల్ఫీద్ ఉండదు. ప్రేక్షకులు ఆమెలో చూడవచ్చింది దానినే, సమీక్షకులు మెచ్చింది దానినే, గురువు అప్పగించింది దానినే. బిరుసైన పసుపు పావడాను ఒప్పుకోవడమంటే ఆమెకు తన కళను వదులుకోవడమే. బాధ్యత నాదని రాసిన ఆ కాగితం మీద సంతకం ఆమెది. అందులోని సౌందర్యశాస్త్రం ముప్పయ్యేళ్లుగా ఒక యుగమంతా కూర్చినది. వేషం మోసేవాడి అలసటను, సొమ్మసిల్లడాన్ని ముందుగా లెక్కలోకి తీసుకొన్న భరతుడి సూచన పక్కన ఈ కాగితాన్ని పెట్టి చదవాలి.

విమర్శకుడి పాత్ర కూడా ఇక్కడ చర్చకు రావాలి. జిజేల్ సృష్టికర్తల్లో ఒకడైన గోతియే లివ్రీ అంత్యక్రియలను గురించి కూడా రాశాడు. తెల్లని శవపేటిక మీద రెండు తెల్లని సీతాకోకచిలుకలు దారి పొడవునా ఎగిరాయని అందులో చెప్పాడు. అవి నిజంగానే ఎగిరి ఉండవచ్చు. కానీ కాలిన ఒంటితో ఎనిమిది నెలలు పడుకొన్న మనిషిని సాగనంపుతున్నప్పుడు కూడా ఆయన కంటికి పపియోం నాయికే కనిపించింది. జీవించి ఉండగా గాలి అన్నారు, మరణించాక రెక్కలన్నారు. రెండు సందర్భాల్లోనూ వాక్యం అందంగానే ఉంది.

ఆ రోజు ఆమె ధరించిన బట్టలో కాలగా మిగిలిన పీలికలను పారిస్ ఒపెరా గ్రంథాలయ సంగ్రహాలయంలో భద్రపరిచారు. సిల్ఫీద్, జిజేల్ తొలిసారి ఆడిన ల పెల్తియే రంగశాల 1873లో అగ్నిప్రమాదంలోనే పోయింది. పీలికలు మాత్రం ఉన్నాయి. కాల్పనిక బ్యాలే ఆహార్యాన్ని గురించి మనకున్న చిత్రాలన్నిటిలోనూ వస్త్రం గాలిలో తేలుతూనే ఉంటుంది. ఈ పీలికల్లో మాత్రం నేత కనిపిస్తుంది, కుట్టు కనిపిస్తుంది, మంట ఆగిన చోటు నల్లని అంచుగా కనిపిస్తుంది.